నిండుకున్న తొట్టి

సోమవారం

ముందు ఇది రాయి: నేను చెప్పాను. కావాలంటే కింద గీత గియ్యి.

నాకు అక్షరం ముక్క రాదు. రాస్తున్నది ఎదురింటి కళ్ళజోడు. ఆ అద్దాలు లేకుండా దాని మొహం ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తపాలా కౌంటరు వెనక కూర్చుని జనం చిరునామాలు దిద్దిన మనిషి. నేను వాగింది వాగినట్టు రాయదు, అచ్చులో వేసే భాషలోకి మార్చుకుంటుంది. "మరి తిట్లు వదినా? అవీ దిద్దనా?" అని అడిగింది. తిట్ల జోలికి పోవద్దన్నాను.

ఇది ఎవరికీ చదివి వినిపించేది కాదు. కోడలి ముందు నోరు విప్పితే కొడుకు తల పట్టుకుంటాడు. విప్పకపోతే నాకు ముద్ద దిగదు. అందుకని ఇక్కడ విప్పుతున్నాను.

కళ్ళజోడుకు షెడ్డు సంగతి సరిగ్గా తెలియదు. దానికి తెలియాలంటే మొదటి నుంచి చెప్పాలి. ఇంటి పక్కన, ఒకప్పుడు కారు పెట్టుకున్న షెడ్డులో, నా కోడలు మట్టి లేకుండా ఆకులు పెంచుతుంది. పచ్చిగా తినే ఆకులు, హోటళ్ళవాళ్ళు కొంటారు. వరసగా తెల్లటి గొట్టాలు, గొట్టాలకు చిల్లులు, చిల్లుకో మొక్క. మూలన నా నడుమెత్తు తొట్టి. తొట్టిలో ఎరువు మందు కలిపిన నీళ్ళు. పంపు వాటిని పైకి తోస్తుంది. అవి వేళ్ళను తడుపుకుంటూ పారి, తిరిగే గొట్టంలోంచి మళ్ళీ తొట్టిలోకే వచ్చిపడతాయి. మొక్కలు తాగినంత తగ్గుతుంది, తగ్గినంత పోయాలి. ఎక్కువ పోస్తే మందు పలచనై ఆకు పాలిపోతుంది. తక్కువైతే మందు చిక్కబడి వేరు మాడుతుంది. అందుకే తొట్టి లోపలి గోడకు రెండు టేపులు అంటించింది, పైన నీలం, కింద ఎరుపు. నీళ్ళు ఆ రెండింటి మధ్యే ఆడాలి.

పోసేది కోడలు. ఎక్కడున్నా సరే, ఫోనులో ఏదో నొక్కుతుంది, ఇక్కడ కుళాయి తెరుచుకుని సన్నగా ధార పడుతుంది. చూసేది నేను. రోజూ మధ్యాహ్నం మూత ఎత్తి "నీలానికి రెండు వేళ్ళు కింద" అనో, "ఎరుపు మీద జానెడు" అనో ఫోనులో చెబుతాను. కుళాయి తిప్పే అధికారం మాత్రం నాకు లేదు. మొదట్లో ఒకసారి గొట్టం పెట్టి గలగలా నింపేశానని, గదంతా ఆకు పాలిపోయిందని, ఆ రోజే రద్దు చేసింది. పోనీలే, కన్ను నాది, చెయ్యి దానిది. బండి బాగానే నడిచింది.

శనివారం కొడుకూ కోడలూ వ్యానులో హోటళ్ళకు వెళ్ళారు. నేను వేళకు మూత ఎత్తాను. నీలం పొడిగా ఉంది, ఎరుపు పొడిగా ఉంది, అడుగున కాస్త తడి. తిరిగే గొట్టం జాయింటు ఊడి నీళ్ళన్నీ మోరీలోకి పోయాయని తరవాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే. వెంటనే ఫోను చేశాను. "అమ్మాయ్, తొట్టిలో నీళ్ళు నిండుకున్నాయి" అన్నాను. తడుముకోలేదు, నసగలేదు. "సరే అత్తయ్యా, మంచిది. మీరు పడుకోండి" అంది.

పడుకోమంది కదా, పడుకున్నాను.

సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి పంపు మాడిన వాసన. మొక్కలు గొట్టాల మీద పేలికల్లా వాలి ఉన్నాయి. ఒక వరస కాదు, ఒక మూల కాదు, షెడ్డంతా.

"నీళ్ళున్నాయని మీరే కదా చెప్పారు!" అంది కోడలు. నా మొహం మీదే. నా కొడుకు ముందే.

ఉన్నాయని నేను ఎప్పుడన్నాను? కళ్ళారా చూశాను, నోరారా చెప్పాను. ఇంత చదువుకున్న పిల్ల నిలువునా అబద్ధమాడింది. కళ్ళజోడు కలం ఆపి "చెప్పావు కదా వదినా, ఇంకెలా చెప్పాలిట?" అంది. ఈ మాట కూడా రాసుకో.

మంగళవారం

కొడుకు వ్యాను కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"ఒరేయ్, నన్ను నమ్ముతావా, నీ పెళ్ళాన్ని నమ్ముతావా?"

"అమ్మా, నేను వ్యాను తోలేవాణ్ణే. జడ్జీని కాదు."

"తప్పించుకోకు. నేను చెప్పానా, చెప్పలేదా?"

"నువ్వు చెప్పానంటున్నావు. తను అలా వినలేదంటోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారే. మొక్కలే అబద్ధమాడి చచ్చిపోయాయి."

వీడి నోట్లో ఎప్పుడూ పరాచికమే. చిన్నప్పుడు జ్వరం వస్తే కూడా "అమ్మా, నా ఒంటి మీద అట్టు పొయ్యి" అనేవాడు. కానీ నవ్వు వచ్చింది నాకు. నవ్వినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. లోపలికి వచ్చేశాను.

బుధవారం

ఎండిన మొక్కలను సంచుల్లో కుక్కి బయటికి మోశారు. నన్ను పిలవలేదు.

గురువారం

గొట్టాలాయన వచ్చాడు. ఈ వీధిలో ఏ గొట్టం కారినా ఆయనే, అందుకని ఆ పేరు. మాడినదాని చోట కొత్త పంపు బిగించి, సంచిలోంచి ఒక ఇత్తడి కుళాయి తీశాడు. దానికో పొడుగాటి కమ్మీ, కమ్మీ చివర బంతి. నీళ్ళు పైకి వస్తే బంతి తేలుతూ లేచి కుళాయిని మూస్తుందట. నీళ్ళు దిగితే బంతి దిగి తెరుస్తుందట. ఫోనూ అక్కరలేదు, మనిషీ అక్కరలేదు.

"చూశారా మామ్మగారూ, కన్నూ ఇదే, చెయ్యీ ఇదే" అన్నాడు మురిసిపోతూ. "పైగా నిద్రపోదు."

"నేను నిద్రపోయానని నీకెవరు చెప్పారయ్యా?"

ఆయన నాలుక కరుచుకుని తొట్టిలోకి వంగిపోయాడు. వంగినవాడు మళ్ళీ నా వైపు తిరగలేదు.

అంటే ఇంట్లో ఆ కథ నడుస్తోందన్నమాట. ముసలిది నిద్రపోయింది, చూడకుండానే చూశానని చెప్పింది. అబద్ధం ఒకటే అనుకున్నాను, పిల్లలు కూడా పెట్టింది.

కోడలు వెనకనే నిలబడి ఉంది. బంతి ఎంత ఎత్తులో ఉండాలో గొట్టాలాయనకు చెప్పింది, నీలానికి బెత్తెడు కింద మూసుకోవాలని. ధార ఎంత సన్నగా పడాలో చెప్పింది. అవన్నీ దానికి బాగా తెలుసు, అది నేను కాదనను. మందు పాళ్ళు చెప్పడంలో అది ఎప్పుడూ తప్పలేదు. ఆయన వెళ్ళాక గోడ మేకుకు వేలాడే షెడ్డు తాళంచెవి తీసుకుని నెమ్మదిగా అంది.

"ఇక మీరు రెస్టు తీసుకోండి అత్తయ్యా."

నెమ్మదిగానే అంది. చెంప మీద కొట్టినా ఇంత చప్పుడు కాదు.

శుక్రవారం

ఏమీ రాయకు. ఊరికే కూర్చో.

ఆదివారం

నిన్న కళ్ళజోడు రాలేదు, దానికి దగ్గు.

ఆ గది లేకపోతే ఈ ఇంట్లో నేనొక కుర్చీని. ఇల్లు ఊడ్చేటప్పుడు ఇటు జరుపుతారు, ఊడ్చాక అటు జరుపుతారు. సరుకులు కొడుకు చూసుకుంటాడు, వంట వాళ్ళిద్దరూ వంతులు వేసుకున్నారు. నాకంటూ ఉన్నది మధ్యాహ్నం ఆ మూత ఎత్తడం ఒక్కటే. ఎత్తగానే చల్లటి ఆవిరి మొహానికి తగిలేది. నీళ్ళ మీద దీపాల నీడలు ఆడేవి. ఎరుపు మీద ఎంతుందో, నీలం కింద ఎంతుందో వేళ్ళతో కొలిచి చెబితే, ఊరి అవతల ఉన్న మనిషి నా మాట విని ఇక్కడ నీళ్ళు వదిలేది. నేను మాట్లాడితే జరిగే పని ఈ ఇంట్లో అదొక్కటే.

దాన్నే బంతికి ఇచ్చారు.

కళ్ళజోడు అడిగింది, "పంపు మాడేముందు మోత చేస్తుంది కదా వదినా, ఆ రోజు నీకు వినపడలేదా?" అని. వినపడలేదు. నాకు ఎడమ చెవి మందం. మంచి చెవి దిండుకు ఆనించి పడుకున్నాను.

ఇంకో సోమవారం

షెడ్డులోకి కొత్త నారు వచ్చింది. కిటికీ ఊచల్లోంచి చూశాను. గోరంత మొక్కలు.

రాత్రి భోజనాల దగ్గర కోడలు కొడుకుతో అంటోంది. "ఇదే ఆఖరు. ఈ నారు కూడా పోతే గది మూసేస్తాను. ఆఫీసులో మళ్ళీ చేరమంటున్నారు, చేరిపోతాను. ఇంక నా వల్ల కాదు." అంటూ అన్నంలో వేలితో గీతలు గీస్తోంది. తినడం లేదు.

గది మూస్తే బంతి కూడా పోతుంది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ దాని కంచంలోకి కాస్త పెరుగు వంపాను. "వద్దు అత్తయ్యా" అంది. వద్దంటే వినే రకం కాదు నేను. తింది.

ఈ ముక్క కొట్టెయ్యి. నా కేసులో దానికి పెరుగు వంపిన సంగతి ఎందుకు?

"కలంతో రాసింది, కొట్టేస్తే మచ్చ కనపడుతుంది" అంటోంది కళ్ళజోడు. సరే, ఉండనీ.

గురువారం

వినపడింది.

ఆ శనివారం పంపు మోత వినపడింది. గరగర మొదలైంది, తరవాత కీచుమంది. నీళ్ళు వస్తున్నాయేమో, గాలి బయటికి పోతోందేమో అనుకున్నాను. అలాగే అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పాల్సింది చెప్పాను, ఇక చూసుకోవలసింది తను, పడుకోమన్నది కూడా తనే, అనుకుని దుప్పటి లాక్కున్నాను. ఇదీ జరిగింది.

అంతమాత్రాన నేను చెప్పలేదని కాదు. చెప్పాను. కళ్ళజోడూ, అక్కడ మళ్ళీ గీత గియ్యి.

నెల మారింది, మంగళవారం

ఎండ ముదిరింది. షెడ్డులో ఆకులు అరచేతంత అయ్యాయట, కొడుకు చెప్పాడు. నేను కిటికీ దగ్గరికి పోవడం మానేశాను. మొన్న నేను అక్కడ నిలబడి ఉంటే కోడలు లోపలి నుంచి చూసి, ఏమీ అనకుండా పని చేసుకుంది. ఏమన్నా అన్నా బాగుండేది.

మాకు మాటలు తగ్గిపోయాయి. "కాఫీ?" "ఊఁ." "మాత్ర వేసుకున్నారా?" "ఊఁ." నా కొడుకు మధ్యలో కూర్చుని ఇద్దరికీ వాతావరణం సంగతులు చెబుతుంటాడు, వార్తలవాడిలా. "అమ్మా, ఇవాళ ఎండ. ఏమోయ్, ఇవాళ ఎండ." పాపం, ఒకే ఎండను రెండుసార్లు చెప్పాలి వాడు.

బుధవారం

వాళ్ళిద్దరూ కొత్త హోటలువాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళారు. నేనూ కళ్ళజోడూ షెడ్డు గోడ నీడలో కూర్చున్నాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, మనిషి మాటకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది అని. ఒకసారి అన్న మాట అనలేదని నలుగురూ అంటే, ఆ మాట అన్నట్టా, అననట్టా? నాకు తోచేది

ఆగు. రాయకు. పంపు గొంతు మారింది.

గురువారం

నిన్నటిది నిన్ననే చెప్పాలనుకున్నాను. కళ్ళజోడు కళ్ళకు అద్దాలు లేక రాయలేకపోయింది. ఇవాళ చెబుతున్నాను.

తాళంచెవి చక్కెర డబ్బా వెనక దాచింది కోడలు. దాచినట్టు దానికి తెలుసు, దాచినచోటు నాకు తెలుసు. తీశాను. షెడ్డులోకి పోకూడదని నోటితో ఎవరూ అనలేదు కదా, రెస్టు తీసుకోమన్నారు అంతే. ఆ లాయరు మాట నాలో నేను అనుకుంటూనే తాళం తీశాను.

మూత ఎత్తాను. ఎరుపు ఎక్కడో పైన పొడిగా ఉంది. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు. పంపు వాటిలోంచి గాలి మింగుతూ గరగరలాడుతోంది. బంతి మాత్రం పైనే ఉంది. దాని కమ్మీ పక్క గొట్టం బిగింపులో ఇరుక్కుపోయింది. కింద నీళ్ళు పోయాయి, అది మాత్రం తేలుతున్నట్టే గాలిలో నిలబడి ఉంది. తొట్టి నిండా ఉందని కుళాయికి అబద్ధం చెబుతోంది.

ఫోను కలిపాను. వ్యాను మోత, హారన్ల గోల. "ఏంటి అత్తయ్యా?" అంది.

"అమ్మాయ్, తొట్టిలో నీళ్ళు నిండుకున్నాయి."

"మంచిది అత్తయ్యా. బంతి బాగానే పని చేస్తోందన్నమాట. అయినా మీరు లోపలికి ఎందుకు..."

"మంచిదేమిటే! మళ్ళీ మంచిదంటావేమిటే! పంపు గరగరలాడుతుంటే!"

"నీళ్ళు నిండితే గరగరలాడడమేంటి?"

"నిండడమేమిటి నీ మొహం! నిండుకున్నాయి అంటున్నాను!"

"నేనూ అదే కదా అంటున్నాను. నిండాయి. అయితే ఇంకేం?"

"నిండుకున్నాయే! నిండుకున్నాయి!"

ఎన్నిసార్లు అరిచానో. అటు ఆ పిల్ల కూడా అరుస్తోంది. ఇంతలో వ్యానుకు బ్రేకు పడిన చప్పుడు, నా కొడుకు గొంతు. "ఏయ్, ఆగు ఆగు! నిండుకున్నాయంటే అయిపోయాయని! ఖాళీ! అమ్మ ఖాళీ అంటోంది!"

"ఏంటీ?" అంది కోడలు.

హారన్లు మోగుతూనే ఉన్నాయి, వీళ్ళు రోడ్డు మధ్యలో ఆపినట్టున్నారు.

బియ్యం నిండుకున్నాయి, నూనె నిండుకుంది, ఉప్పు నిండుకుంది. అలాగే విని పెరిగాను, అలాగే అంటూ ముసలిదాన్నయ్యాను. ఇంట్లో వస్తువు గురించి లేదు అంటే మా అమ్మ మూతి మీద కొట్టేది, ఆ మాటతో ఉన్నది కూడా పోతుందని. ఆ పిల్ల ఐదో ఏట నుంచి హాస్టళ్ళలో పెరిగింది. అక్కడ కంచంలో వేసేవాళ్ళు వేస్తారు, అయిపోతే అయిపోయిందంటారు. ఈ ఇంట్లో సరుకుల మాట నేను ఎప్పుడూ కొడుకుతోనే అన్నాను. దాని చెవిన ఆ ముక్క పడే సందర్భమే రాలేదు. తొట్టి గురించి చెప్పినప్పుడల్లా నీలం, ఎరుపు, వేళ్ళు, జానలు. పూర్తిగా అడుగంటిన రోజు అదొక్కటే. ఆ ఒక్క రోజున నేను ఆ మాట అన్నాను, అది ఆ మాట విన్నది.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. నిన్న ఇంత ఆలోచించే వ్యవధి ఎక్కడిది? పంపు కీచుమంది.

"లేవే" అన్నాను. "నీళ్ళు లేవు. చుక్క లేదు."

"పంపు ఆపండి. తలుపు పక్కన ఎర్ర స్విచ్చు."

"ఆపాను."

"ఇప్పుడు ఆ బంతిని పక్కకు లాగి కిందికి నొక్కండి."

"చెయ్యి పెట్టనా?"

"పెట్టండి!"

"తరవాత నన్ను ఏమీ అనవు కదా?"

"అత్తయ్యా!"

లాగాను. రాలేదు. కళ్ళజోడును పిలిచాను. ఇద్దరం కలిసి లాగితే కమ్మీ టప్పున ఊడివచ్చి దాని అద్దాల మీద కొట్టింది. అద్దాలు తొట్టిలో పడ్డాయి. ధార మొదలైంది.

"ఎంత లావు పడుతోంది?"

"బొటనవేలంత."

"ఎక్కువ. ఒక్కసారిగా చన్నీళ్ళు తగిలితే వేళ్ళు తట్టుకోవు. కింది మరను తిప్పండి. చిటికెనవేలంత కావాలి."

తిప్పాను. నాకైతే గబగబా నింపెయ్యాలనే ఉంది, చెయ్యి లాగుతోంది. కానీ ఆ పిల్ల చెప్పినంతే తిప్పాను. "చిటికెనవేలు" అన్నాను.

"ఆఁ. ఎరుపు దాటగానే పంపు వెయ్యండి. నీలం దాకా పోనివ్వద్దు, నేనొచ్చి మందు కలుపుతాను. అంతదాకా చెంబుతో వేళ్ళ మీద చిలకరిస్తూ ఉండండి. కిటికీ వైపు వరస ముందు, ఎండ అక్కడే."

కళ్ళజోడు కళ్ళు కనపడకుండానే చెంబు పట్టుకుని తిరిగింది. మొక్కల మీద సగం, నా మీద సగం చిలకరించింది. నేను తొట్టిలోకి వంగి ఎరుపు టేపును చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు ఎంత నెమ్మదిగా లేస్తాయో అప్పుడు చూశాను. ఫోను పెట్టెయ్యలేదు. దాన్లోంచి వ్యాను మోత వస్తూనే ఉంది. మధ్యమధ్య "ఎంతొచ్చింది?" అని అడుగుతోంది, నేను చెబుతున్నాను.

కిటికీ వైపు వరస పోయింది. మిగిలినవి తల ఎత్తాయి.

శుక్రవారం

రాత్రి కొడుకు పడుకున్నాక నేనూ ఆ పిల్లా షెడ్డులోనే ఉన్నాం. అది తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. నేను గుమ్మం మీద. మందు కలిపింది, రెండు చుక్కలు ఏదో గాజు గొట్టంలో వేసి రంగు చూసుకుంది.

"ఇంకా ఏమేమి మాటలున్నాయి అత్తయ్యా ఇలాంటివి? అన్నీ ఒకేసారి చెప్పెయ్యండి" అంది.

చెప్పాను. దీపం ఆరిందనము, ఘనమైందంటాము. మెడలో తాడు తెగిందనము, పెరిగిందంటాము. ఇంట్లోంచి పోతూ వెళ్తాననము, వస్తానంటాము.

అది వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "అంటే మీ దగ్గర పెరిగితే తెగినట్టు, నిండితే ఖాళీ అయినట్టు, వస్తానంటే పోతున్నట్టు! ఇలా మాట్లాడితే మనుషులు బతకడమే గొప్ప, ఇంక మొక్కలేం బతుకుతాయి?"

నవ్వు ఆపుకోలేకపోయాను. అదీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, అది నవ్వుకు వచ్చిన నీరు మాత్రమే కాదు.

"మీరు కావాలనే తప్పు చెప్పారనుకున్నాను" అంది. "ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

"నువ్వు విని కూడా విననట్టు నటించావనుకున్నాను నేను."

"ఒక్కమాట అడగనా? ఆ రోజు పంపు మోత మీకు నిజంగా వినపడలేదా?"

ఎడమ చెవి మందం అని నోటి దాకా వచ్చింది. "వినపడింది" అన్నాను.

"మరి?"

"నువ్వు పడుకోమన్నావు. చూసుకోవలసింది నువ్వే అనుకున్నాను."

అది తల ఊపింది. కోపగించుకుంటుందని చూశాను. కోప్పడలేదు. పోనీ ఫరవాలేదు అంటుందని చూశాను. అదీ అనలేదు. పంపు చప్పుడు వింటూ కూర్చుంది.

నాకు మాత్రం ఒకటి మిగిలిపోయింది. అడిగితే నా పరువు పోతుంది, అడగకపోతే నిద్ర పోతుంది. అడిగాను.

"గొట్టాలాయన వచ్చిన రోజు రెస్టు తీసుకోమన్నావు. మీ హాస్టలు భాషలో దానికేమైనా వేరే అర్థం ఉందా?"

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసింది. మెత్తగా తప్పించుకోవచ్చు. మీ ఆరోగ్యం కోసమే అన్నాను అత్తయ్యా అనవచ్చు. నా కొడుకైతే అలాగే అనేవాడు.

"లేదు అత్తయ్యా. పొమ్మనే అన్నాను. అది మీకు సరిగ్గానే అర్థమైంది."

ఒళ్ళు భగ్గుమనాలి. ఎంత వెతికినా మంట దొరకలేదు. ఈ ఇంట్లో నాతో ఇంత సూటిగా మాట్లాడి ఎన్నాళ్ళయింది? ముసలిదాన్నయ్యాక అందరూ నాతో చుట్టూ తిప్పే మాట్లాడతారు, నేను దీపం గురించి మాట్లాడినట్టు.

"సరే, అర్థమైతే చాలు" అని లేచాను. మోకాళ్ళు పట్టేశాయి. అది చెయ్యి ఇచ్చింది. పట్టుకున్నాను.

శనివారం

మధ్యాహ్నం అయింది. షెడ్డు తలుపు తెరిచే ఉంది. నేను ఎవరినీ అడగలేదు, నన్ను ఎవరూ పిలవలేదు. కమ్మీ ఇరుక్కోకుండా గొట్టాలాయన పొద్దున్నే వచ్చి బిగింపును జరిపి వెళ్ళాడు. బంతి అక్కడే ఉంది, నీళ్ళ మీద ఆడుతోంది. ఇక దానికీ నాకూ పేచీ ఏమీ లేదు, దాని పని అది చూసుకుంటుంది. ఎండ ముదిరితే దాని ధార చాలదని, అప్పుడు చేత్తో కూడా కాస్త వదలాలని కోడలు నిన్న తనలో తనే అనుకుంటుంటే విన్నాను.

కోడలు అవతలి మూల, తొట్టికి నీళ్ళు వదిలే చేతి కుళాయి పక్కన, నాకు వీపు పెట్టి, పోయిన వరస గొట్టాలను రుద్ది కడుగుతోంది. నేను తొట్టి మూత ఎత్తాను. చల్లటి ఆవిరి.

"ఎంతుంది అత్తయ్యా?"

వంగాను. వేళ్ళతో కొలిచాను. "ఎరుపు మీద రెండు వేళ్ళు" అన్నాను. అది అర్థమైందో లేదో అని, "తక్కువ. నీళ్ళు తక్కువ ఉన్నాయి" అన్నాను.

చేతులు తుడుచుకుని వచ్చి తొట్టిలోకి తొంగి చూస్తుందని పక్కకు జరిగి నిలబడ్డాను.

రాలేదు. ఉన్నచోటు నుంచే చెయ్యి చాచి కుళాయి తిప్పింది.